చాలా బాగున్నవాళ్ళు

ప్రశ్న ఒక్కటే. "మొత్తం మీద మీ ఆరోగ్యం ఎలా ఉందని మీరనుకుంటున్నారు?" దాని కింద అయిదు గడులు: చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు, బాగోలేదు, అస్సలు బాగోలేదు. ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి, అంతే పని. ఇంత చిన్న ప్రశ్న దగ్గర యూనివర్సిటీలో మహా మహా పండితులు పడ్డ తంటాలు చూసి సర్వేయమ్మకి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఆ పేరు గేటు దగ్గర వాచ్‌మన్ పెట్టింది. చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పుకి కాగితాలు. ఆ వేషంలో ఆరు నెలలుగా గది గదికీ తిరుగుతున్న ఈ పరిశోధక విద్యార్థినిని చూసి చూసి, "అదిగో సర్వేయమ్మ వస్తోంది, ఎవరి రోగాలు వాళ్ళు సర్దుకోండి" అనేవాడు. పేరు అతుక్కుపోయింది. పాఠం చెప్పేవాళ్ళ దగ్గర్నుంచి గది ఊడ్చేవాళ్ళ దాకా యూనివర్సిటీలో ఉన్నవాళ్ళందరూ తమ ఆరోగ్యాన్ని తాము ఎలా అంచనా వేసుకుంటున్నారు, ఆ అంచనాకీ వాళ్ళ తిండికీ నిద్రకీ నడకకీ, వాళ్ళు పుట్టి పెరిగిన ఇళ్ళకీ సంబంధం ఏమిటి అన్నది ఆమె థీసిస్సు.

చరిత్ర శాఖలో ఒకాయన ఆ అయిదు గడుల ముందు పావుగంట కూర్చున్నాడు. "బాగుందని పెడదామంటే మొన్న రక్తపరీక్షలో షుగరు గీత దాటింది. బాగోలేదని పెడదామంటే ఈ కాగితం మా ఆవిడ కంట పడిందా, ఇంట్లో కాఫీ బంద్" అన్నాడు. భౌతికశాస్త్రం మేడమ్ మూడేళ్ళ రిపోర్టులు బయటికి తీసి, పక్కపక్కన పరిచి, సగటు కట్టి మరీ "ఫర్వాలేదు" దగ్గర ఆగింది. ఇక సర్వేయమ్మ గైడు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన రోజుకి పదివేల అడుగులు లెక్కపెట్టుకుని నడుస్తాడు, మధ్యాహ్నం పండు ముక్కలు తూకం వేసుకుని తింటాడు. పిల్లలు చాటుగా నడక మాస్టారు అంటారు. అంతటి మనిషి "బాగోలేదు" గడిలో టిక్కు పెట్టాడు. ఏమైందండీ అని అడిగితే, "మెట్లు దిగుతుంటే కుడి మోకాలు టక్ మంటోందమ్మా" అన్నాడు దిగులుగా.

ఊడ్చేవాళ్ళ దగ్గర ఈ గొడవే లేదు. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు వచ్చేసేది. "చాలా బాగుంది, రాసుకోమ్మా." "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను." "కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయిగా, ఇంకేం కావాలి?" యూనివర్సిటీ మొత్తం మీద శుభ్రం చేసేవాళ్ళు అరవై రెండు మంది. వాళ్ళలో యాభై ఏడు మంది మొదటి గడిలోనే ఉన్నారు.

ఆ యాభై ఏడు మందిలో ఒకావిడ సర్వేయమ్మ సొంత పిన్ని.

ఈ సంగతి యూనివర్సిటీలో ఒక్కరికీ తెలియదు. తెలియనివ్వలేదు అంటే ఇంకా నిజం. తల్లి పోయిన ఏడు, ఆరేళ్ళ పిల్లని చెయ్యి పట్టుకుని తన గదికి తెచ్చుకుంది పిన్ని. అప్పటికి ఆవిడకి ముప్పై కూడా నిండలేదు. ఆ తర్వాత ఎవరు పెళ్ళి మాటెత్తినా, "నాకు కూతురుందిగా, అది ఒప్పుకుంటే చూద్దాం" అని నవ్వేసి నోరు మూయించేది. లైబ్రరీ భవనంలో పనికి కుదిరి పంతొమ్మిదేళ్ళు. ఆ పిల్ల పెరిగి పెద్దదై అదే యూనివర్సిటీలో సీటు తెచ్చుకున్న రోజున, సంతోషంతో ముందు కాసేపు ఏడ్చి, తర్వాత కళ్ళు తుడుచుకుని ఒక షరతు పెట్టింది.

"అక్కడ నువ్వెవరో, నేనెవరో. ఎదురుపడితే నువ్వు మేడమ్‌వి. నన్ను అందర్నీ పిలిచినట్టే 'ఏమ్మా' అను, చాలు. ఊడ్చేదాని పిల్ల అని ఒకసారి ముద్ర పడిందంటే, నువ్వెంత చదివినా ఆ ముద్ర ముందు నడుస్తుంది, నువ్వు దాని వెనకాల నడవాలి."

పిల్ల ఒప్పుకోలేదు. వారం రోజులు పోట్లాడింది, ఏడ్చింది, మాట్లాడ్డం మానేసింది. ఎనిమిదో రోజున లైబ్రరీ వరండాలో పిన్ని బకెట్టుతో ఎదురొస్తే, పక్కన స్నేహితులున్నారు, తల తిప్పుకుని వెళ్ళిపోయింది. తర్వాత అలవాటైపోయింది. అలవాటైన అబద్ధం పాతబడ్డ చెప్పులాంటిది, కాలికి ఉందని కూడా తెలియదు. సర్వే మొదలుపెట్టినప్పుడు తన ఫారం తనే నింపుకుంది. "మిమ్మల్ని పెంచినవారి వృత్తి" అన్న చోట "లైబ్రరీలో ఉద్యోగం" అని రాసింది. అది చూసిన నడక మాస్టారు, "ఓహో, మీ పిన్నిగారు లైబ్రరీలో ఆఫీసరన్నమాట" అని తనకు తనే అనేసుకున్నాడు. ఆమె కాదనలేదు. ఇంటికెళ్ళి చెబితే పిన్ని నవ్వి, "మంచిదే, అలాగే అనుకోనీ" అంది. ఆరోగ్యం దగ్గర మాత్రం ఎదుటివాళ్ళలాగే కాసేపు కలం కొరికి, వారానికోసారి తలనొప్పి వస్తోంది కదా అని "ఫర్వాలేదు"లో టిక్కు పెట్టింది.

సర్వే మొదటి రోజున మాస్టారు ఆమెకి ఒకే ఒక్క సూత్రం చెప్పాడు. "అవతలివాళ్ళు చెప్పింది రాయాలి. నువ్వు చూసింది రాయకూడదు. నీ కళ్ళు అడ్డం వచ్చాయంటే అది వాళ్ళ ఆరోగ్యం కాదు, నీ అభిప్రాయం." మంచి సూత్రమే. దాన్ని ఆమె అన్ని గదుల్లోనూ నిష్ఠగా పాటించింది, మెట్ల కింద గదిలో తప్ప ఎక్కడా కష్టం కాలేదు.

ఆ గది లైబ్రరీ భవనంలో బకెట్లూ తుడుపుకర్రలూ ఫినాయిలు డబ్బాలూ పెట్టుకునేది. ఊడ్చేవాళ్ళని అక్కడే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఫారాలు రాసింది. చదవడం రానివాళ్ళకి తనే చదివి వినిపించింది. తలుపు దగ్గర మేస్త్రి నిలబడ్డాడు. మేస్త్రి అంటే కాంట్రాక్టరు తరపున వీళ్ళందరి మీదా పెత్తనం చేసే మనిషి. పనేమీ లేనట్టు గోళ్ళు చూసుకుంటున్నాడు గానీ చెవులు లోపలే ఉన్నాయి. పిన్ని వంతు వచ్చింది.

"వయసెంతమ్మా?"

"యాభై రాసుకోండి మేడమ్."

"రోజూ వ్యాయామం చేస్తారా?"

"అంటే ఏంటండీ?"

"నడవడం, మెట్లెక్కడం, అలాంటివి."

"నాలుగంతస్తులండి, రోజుకి మూడుసార్లు. దాన్ని కూడా వ్యాయామం అంటారా? అయితే బాగా చేస్తానండి" అంది పిన్ని. తలుపు దగ్గర మేస్త్రి నవ్వాడు. సర్వేయమ్మకి కూడా నవ్వు వచ్చింది. ఆ నవ్వుతోనే కిందికి చూసింది. రబ్బరు చెప్పుల పట్టీలకి పైన చీలమండలు వాచి, పట్టీ తగిలిన చోట గాడి పడి ఉన్నాయి. పిన్ని నెమ్మదిగా పాదాలు బల్ల కిందికి లాక్కుంది.

"మొత్తం మీద మీ ఆరోగ్యం ఎలా ఉందని..."

"చాలా బాగుందండి."

ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. ఆ చూపు ఇంట్లోదే, కానీ ఇది ఇల్లు కాదు. సర్వేయమ్మ మొదటి గడిలో టిక్కు పెట్టింది.

సాయంత్రం ఇంటికి వచ్చాక మాత్రం వదిలిపెట్టలేదు. రెండు గదుల ఇల్లు, ముందు గదిలోనే పిన్ని మంచం. కాళ్ళ కింద రెండు దిళ్ళు పెట్టుకుని పడుకుని ఉంది. ఈ ఏడాదిగా అలాగే పడుకుంటోంది, అడిగితే హాయిగా ఉంటుందే అంటుంది.

"అంత పచ్చి అబద్ధం ఎందుకు చెప్పావ్ పిన్నీ?"

"అబద్ధమా? ఇవాళ పనికి వెళ్ళానా?"

"వెళ్ళావు."

"నాలుగంతస్తులూ తుడిచానా?"

"తుడిచావు, కానీ..."

"తుడిచాక ఇంటికొచ్చి వంట చేశానా? మరి ఇంకెలా ఉంటే బాగున్నట్టు?"

"ఊపిరి అందడం లేదు నీకు. కళ్ళతో చూస్తున్నాను."

"అందుతోందే. కాస్త ఆలస్యంగా అందుతోంది. ఉత్తరమన్నాక ఒక్కోసారి ఆలస్యం అవదూ?"

పిల్ల నవ్వలేదు. పిన్ని అది చూసి తనూ మాట మార్చింది. "చూడూ, పోయినేడు మూడో అంతస్తు ఆవిడ మోకాలు నొప్పని ఒక్క మాట అంది. మేస్త్రి ఎంత మర్యాదగా మాట్లాడాడనుకున్నావ్. 'నీకు విశ్రాంతి కావాలమ్మా, ఇంటి దగ్గరుండు' అన్నాడు. వారం తిరక్కుండా ఆవిడ ఏప్రన్ ఇంకొకావిడ ఒంటి మీద ఉంది. నువ్వొచ్చి అట్ట పట్టుకుని ఆరోగ్యం ఎలా ఉందమ్మా అంటే, వాడక్కడ నిలబడి వింటుంటే, ఏమని చెప్పమంటావ్?"

"పోనీ నాతో ఆస్పత్రికి రా. ఎవరికీ తెలియదు."

"ఆస్పత్రికి పొద్దున్నే వెళ్ళాలి. వెళ్తే పని మానాలి. మానితే ఎందుకు మానావంటాడు. అదీ కాక డాక్టరన్నవాడు ఏదో ఒకటి ఉందనే అంటాడు, లేదంటే వాడికి గడిచేదెలా? చూపించుకోనంతవరకూ లేనట్టేగా." కాళ్ళ కింది దిండు సర్దుకుని మళ్ళీ అంది. "అందరితో పాటూ అయితే వెళ్తాను. మీ హెల్త్ సెంటర్‌లో మమ్మల్నందర్నీ వరసలో నిలబెట్టి చూస్తే, అప్పుడు ఎవర్ని ఏమంటాడు? అరవై రెండు మందినీ పంపించెయ్యలేడుగా. ఒక్కదాన్నే వెళ్తే కంట్లో పడతాను."

ఆ మాట సర్వేయమ్మ గట్టిగా పట్టుకుంది. ఎందుకంటే యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి ఆ ఏడు కొత్త పరికరాలు వచ్చాయి. గుండె, రక్తం, ఊపిరి అన్నీ చూసే పూర్తి పరీక్షలు మొదలుపెట్టబోతున్నారు. ఒకేసారి అందరికీ చెయ్యలేరు కాబట్టి ఈ ఏడాది ఎవరికి చెయ్యాలన్నది సర్వే చూసి నిర్ణయిస్తామన్నాడు రిజిస్ట్రారు. అంటే తన థీసిస్సే పిన్నిని డాక్టరు ముందు కూర్చోబెట్టబోతోందని ఆమె లోలోపల మురిసిపోయింది. పాపం, మొదటి గడిలో తన చేత్తో తనే పెట్టిన టిక్కు సంగతి ఆ మురిపెంలో ఆలోచించలేదు.

పట్టిక తయారైంది. నడక మాస్టారు దాన్ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"చూశావా అమ్మా! పాఠాలు చెప్పేవాళ్ళు అట్టడుగున ఉన్నారు, శుభ్రం చేసేవాళ్ళు అందరికంటే పైన. వ్యాయామం గడి చూడు, రోజుకి గంట పైనే, అందరికీ. చదువు లేదు, డబ్బు లేదు, అయినా ఆరోగ్యం ఉంది. నేను ఇరవై ఏళ్ళుగా చెప్తున్నది ఇదే. శ్రమే ఔషధం!" ఆ రెండు మాటల్నే పేరుగా పెట్టి వ్యాసం రాయడం మొదలుపెట్టాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఊడ్చేవాళ్ళు ఎదురైతే నమస్కారం పెట్టే కొద్దిమందిలో ఒకడు. వాళ్ళు బాగున్నారని తెలిసి నిజంగానే సంతోషించాడు. ఎద్దుపుండు కాకికి నొప్పా అంటారు గానీ, ఈ కాకికి అక్కడ పుండుందని కూడా తెలియదు.

పట్టిక కింద సిఫార్సు కూడా ఆయనే రాశాడు: పూర్తి పరీక్షలు ఈ ఏడాది అధ్యాపకులకి, వచ్చే ఏడాది గుమాస్తాలకి. శుభ్రం చేసే సిబ్బందికి ప్రస్తుతం అవసరం కనిపించడం లేదు.

సర్వేయమ్మకి ఆ వాక్యం చదివాక కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఏదో ఒక ఆధారం కావాలి, ఎవరూ నోరు విప్పి చెప్పకపోయినా కనిపించే ఆధారం. అట్ట పక్కన పెట్టి లైబ్రరీ భవనం మెట్లెక్కింది. లిఫ్టు ఉంది, కానీ దాని పక్కన "బకెట్లతో ఎక్కరాదు" అని బోర్డు కూడా ఉంది. ఏడేళ్ళుగా ఎక్కుతున్న మెట్లే, ఆ రోజు మొదటిసారి పక్కన చేత్తో పట్టుకునే కమ్మీని చూసింది. ఇనుప కమ్మీ పొడుగునా మాసిపోయి నల్లగా ఉంది. రెండో అంతస్తు దాటాక మలుపు దగ్గర మాత్రం ఒక మూరెడు మేర అద్దంలా మెరుస్తోంది. మూడు దాటాక మలుపు దగ్గర మళ్ళీ అలాగే. పక్క భవనానికి వెళ్ళి చూసింది, అక్కడా అంతే. పరిపాలన భవనంలోనూ అంతే.

అక్కడ మెట్లు తుడుస్తున్న పెద్దావిడని అడిగితే ఆవిడ పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది.

"అక్కడే కదమ్మా మేం ఆగేది! ఊరికే నిలబడితే మేస్త్రి కేకలేస్తాడు. అందుకని కమ్మీ తుడుస్తూ నిలబడతాం. ఊపిరి దిగిందాకా తుడుస్తాం. పనికి పనీ అవుతుంది, మనిషికి మనిషీ బతుకుతుంది."

"అందరూనా?"

"కొత్తగా వచ్చినవాళ్ళకి మొదట నేర్పేది అదే" అందావిడ.

సమావేశం లైబ్రరీ నాలుగో అంతస్తులో జరిగింది. పొడుగు బల్ల, చుట్టూ మెత్తటి కుర్చీలు, గోడకి తెర. రిజిస్ట్రారు నడుమ కూర్చున్నాడు. ఒక పక్క నడక మాస్టారు, ఇంకో పక్క హెల్త్ సెంటర్ డాక్టరమ్మ, తక్కినవాళ్ళు నలుగురైదుగురు. నేల అప్పుడే తుడిచినట్టుంది, గుమ్మం దగ్గర ఇంకా తడి ఆరలేదు. పట్టిక వివరించమని సర్వేయమ్మని నిలబెట్టారు. ఆమె పట్టిక అయిదు నిమిషాల్లో ముగించి, కమ్మీ సంగతి మొదలుపెట్టింది. మూడు భవనాల్లో చూసింది చూసినట్టు చెప్పింది. "పనిలోకి రాగలిగితే చాలు బాగున్నట్టే అనుకునేవాళ్ళూ, రిపోర్టులో ఒక్క అంకె తేడా వస్తే బాగోలేదనుకునేవాళ్ళూ ఒకే గడిలో టిక్కు పెడితే అది ఒకే జవాబు కాదండి. పైగా బాగోలేదంటే పని పోతుందని వాళ్ళకి భయం. ముందు పరీక్షలు చెయ్యవలసింది వాళ్ళకే."

నడక మాస్టారు ఇబ్బందిగా కదిలాడు. "అమ్మా, మనం కొలిచేది మనిషి తన నోటితో చెప్పుకున్న ఆరోగ్యాన్ని. మెట్ల కమ్మీని కాదు. వాళ్ళకి ఏం తెలుసులే అని వాళ్ళ మాట కొట్టిపారేస్తే, అది వాళ్ళని చిన్నచూపు చూసినట్టు కాదూ?"

ఆ మాటలో న్యాయం ఉంది.

"ఇంత చర్చ ఎందుకు?" అన్నాడు రిజిస్ట్రారు. ఆయనకి ఇంకో సమావేశం ఉంది. "వాళ్ళలో ఒకర్ని పిలిచి అడిగితే పోలా? మేస్త్రికి ఫోన్ చెయ్యండి, ఒకర్ని పైకి పంపమని."

మేస్త్రి తెలివైనవాడు. పెద్దవాళ్ళు అడిగినప్పుడు ఎవర్ని పంపాలో వాడికి తెలుసు. అందరిలోకీ నమ్మకమైన పనిమనిషిని, పంతొమ్మిదేళ్ళలో సెలవు పెట్టని మనిషిని పంపాడు.

పిన్ని గుమ్మం దగ్గర ఆగింది. కింద నుంచి నాలుగంతస్తులు తొందరగా ఎక్కి వచ్చింది, పెద్దవాళ్ళు పిలిచారు కదా. ముఖం పాలిపోయి ఉంది, పెదవుల చుట్టూ నీలం. అయినా నవ్వుతోంది. అందరూ తన వైపే చూస్తుంటే నోరు తెరవలేదు. భుజం మీది గుడ్డ తీసి తలుపు పిడి తుడవడం మొదలుపెట్టింది. పిడి శుభ్రంగానే ఉంది. అలా అటూ ఇటూ తిప్పి తిప్పి తుడిచింది, గదిలో అందరూ ఓపిగ్గా చూశారు. ఎంత శ్రద్ధగా పనిచేస్తోందో అనుకున్నారు కాబోలు. సర్వేయమ్మ ఒక్కర్తే ఆ భుజాలు లేచి పడడం లెక్కపెడుతోంది.

"ఆరోగ్యం ఎలా ఉందమ్మా?" అన్నాడు రిజిస్ట్రారు దయగా.

"చాలా బాగుందండి."

"మెట్లెక్కడం అదీ కష్టంగా ఏమైనా..."

"అలవాటేనండి. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

మాస్టారు ముఖం వెలిగింది. రిజిస్ట్రారు సర్వేయమ్మ వైపు తిరిగి, "విన్నావు కదమ్మా?" అన్నాడు. ఎవరో కాగితాలు సర్దుకుంటున్నారు. పిన్ని వెనక్కి తిరగబోయింది.

ఇప్పుడు కూర్చుంటే సరిపోతుంది. అది ఆమెకి తెలుసు. కూర్చుంటే థీసిస్సు నిలబడుతుంది, గైడు సంతోషిస్తాడు, ఏడేళ్ళుగా దాచిన సంగతి దాచినట్టే ఉంటుంది. పిన్ని దిగిపోతుంది, రెండో మలుపు దగ్గర ఆగి కమ్మీ తుడుస్తుంది, రేపు మళ్ళీ ఎక్కుతుంది, ఎల్లుండి ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు. సర్వేయమ్మ చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేసి గుమ్మం వైపు తిరిగింది.

"పిన్నీ" అంది.

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. పిన్ని మాత్రం బిగుసుకుపోయింది. ఒక్క క్షణమే. తర్వాత అటూ ఇటూ చూసి, తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని కూడా చూసి, ముఖం మీది నవ్వు చెక్కు చెదరకుండా అంది.

"నన్నేనా మేడమ్? ఎవర్నో చూసి ఎవరో అనుకుంటున్నట్టున్నారు." రిజిస్ట్రారు వైపు తిరిగింది. "మేడమ్ గారి పిన్ని లైబ్రరీలో ఆఫీసరంట కదండీ. నేను ఊడ్చేదాన్నండి."

ఎంత నమ్మకంగా అందంటే, నడక మాస్టారు అవునన్నట్టు తల కూడా ఊపాడు.

సర్వేయమ్మకి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. తనని కాపాడడానికి ఈ మనిషి చిట్టచివరికి తనకే ఏమీ కాకుండా పోయింది. ఎనిమిదో రోజున వరండాలో తల తిప్పుకున్నప్పుడు పిన్ని ముఖం ఎలా ఉండి ఉంటుందో ఇన్నేళ్ళకి ఇప్పుడు ఊహించుకుంది, సిగ్గుతో ఒళ్ళు మండిపోయింది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, గుమ్మం దగ్గర తడి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. పిన్ని కాలు పట్టుకుని, చెప్పు పట్టీకి పైన వాపు మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసింది. గుంట అలాగే ఉండిపోయింది, పూడుకోలేదు. డాక్టరమ్మ అది చూసి కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"ఈవిడే నన్ను పెంచింది" అంది సర్వేయమ్మ, తల ఎత్తకుండానే. "ఫారంలో ఉద్యోగమని రాసింది ఈ ఉద్యోగమే. చాలా బాగుందని ఈవిడ ఫారంలో టిక్కు పెట్టిందీ నేనే."

"లేవే!" అంది పిన్ని. మేడమూ లేదు, అండీ లేదు. "నేల తడిగా ఉందే, ఇప్పుడే తుడిచాను, బట్టలు పాడైపోతాయి. అందరూ చూస్తున్నారు, లేవే చిట్టీ..."

అనేశాక గానీ ఏమందో ఆవిడకి తెలియలేదు. గుడ్డ పట్టుకున్న చేత్తోనే నోరు మూసుకుంది. నడక మాస్టారు తన ముందున్న పట్టికని చూస్తున్నాడు, యాభై ఏడు అన్న అంకె దగ్గర ఆయన వేలు ఆగిపోయింది.

డాక్టరమ్మ తన కుర్చీ తెచ్చి గుమ్మం దగ్గర వేసింది. పిన్ని వద్దు వద్దంటున్నా భుజాలు పట్టి కూర్చోబెట్టి, మణికట్టు చేతిలోకి తీసుకుంది. కాసేపు వాచీ వంక చూసి, రిజిస్ట్రారుతో, "పరీక్షలు వీళ్ళతోనే మొదలుపెడతాను సార్. అరవై రెండు మందినీ పిలిపించండి. తక్కినవాళ్ళ సంగతి తర్వాత చూద్దాం" అంది. రిజిస్ట్రారు అలాగే అన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఈ వాపు ఎన్నాళ్ళ నుంచమ్మా?"

పిన్ని మేస్త్రి ఎక్కడైనా ఉన్నాడేమోనని తలుపు బయటికి చూసింది. లేడు.

"ఏడాది దాటిందండి."

"ఆయాసం?"

"దానికంటే ముందు నుంచేనండి."

"మరి ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించుకోకుండా ఎలా ఊరుకున్నారు?"

పిన్ని కింద కూర్చున్న పిల్ల వైపు చూసింది. తల మీద చెయ్యి వెయ్యబోయి, ఇంతమంది ముందు వెయ్యవచ్చో లేదో తెలియక కాసేపు ఆగి, చివరికి వేసింది.

"ఇంకో ఏడాదిలో దీని చదువు అయిపోతుందండి" అంది. "అయిపోగానే చూపించుకుందామనే ఉన్నాను. అప్పటిదాకా బాగుండాలి కదండీ మరి."